మూడో పెట్టెలోని బోళం

మా చిన్నప్పుడు... మక్తల్ దగ్గర మా ఊళ్లో క్రిస్మస్ నాటకానికి, ఆడపిల్లనైనా పొడుగ్గా ఉన్నానని, తూర్పు నుంచి బాలయేసుకు కానుకలు తెచ్చే ముగ్గురిలో నన్ను మూడో జ్ఞానిని చేశారు. మా బాపు ధోతి చుట్టి, నెత్తిన అట్టముక్క కిరీటం పెట్టి, బొగ్గుతో మీసాలు దిద్దారు. మాది చర్చికి పోయే ఇల్లు కాదు... అయినా బడి పిల్లలందరం ఆ నాటకంలో ఉండేవాళ్లం.

మొదటి జ్ఞానిది బంగారం... బిస్కెట్ డబ్బాకు పసుప్పచ్చ మెరుపు కాగితం చుట్టారు. రెండో జ్ఞానిది దుకాణంలో కొన్న సాంబ్రాణి. నాది బోళం. అదెక్కడ దొరుకుతుందో నాటకం వేయించే సార్‌కు తెలియదు. ఉత్త పెట్టె పట్టుకుని నడువు, ఎవరు తెరిచి చూస్తారు అన్నాడు.

మా అవ్వ ఊరుకోలేదు. ఆమె ఊళ్లో కాన్పులు చేసే మంత్రసాని.

"ఉత్త చేతులతోని బాలింతను చూడబోతరే ఎవలన్న?" అని తన మందుల మూట విప్పి, ఎర్రటి చేదు బంక ముక్క ఒకటి పెట్టెలో వేసింది. అదే బోళం. కాన్పయిన తల్లికి బెల్లంలో ఉండ చేసి మింగిస్తే కడుపు కుదుట పడుతుందని మా దిక్కు నమ్మకం. దాన్ని బాలింత బోళం అనే అనేవాళ్లం.

నాటకంలో మిగతా ఇద్దరూ బాలయేసు బొమ్మను పడుకోబెట్టిన తొట్టె ముందు పెట్టెలు పెట్టారు. నేను తిన్నగా పోయి మరియమ్మ వేషం కట్టిన పిల్ల చేతిలో పెట్టాను... తల్లి మందు తల్లికే కదా. జనం పడి పడి నవ్వారు. సార్ పక్క నుంచి తొట్టె చూపిస్తున్నాడు.

జనంలోంచి అవ్వ లేచింది. "మా పోరి చేసిందే సరిగుంది. అందరు పిలగానికే తెస్తిరి, తల్లిని అర్సుకున్నోడే లేడు."

సార్‌కు కూడా నవ్వాగలేదు.

ఇన్నేళ్లూ ఆ కథ నాకు అట్లాగే ఉండిపోయింది... తూర్పు నుంచి వచ్చిన ముగ్గురిలో ఒక్కడికైనా తల్లి గుర్తొచ్చిందని.

పోయిన ఏడాది ఎండాకాలంలో మా అనిత, నా ఒక్కగానొక్క బిడ్డ, కాన్పుకు నా దగ్గరికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. మూడో రోజు నేనే బోళం నూరి, బెల్లంలో కలిపి పెట్టాను. థూ చేదు, నువ్వే మింగవే అమ్మా అని మొహం ముడుచుకుంటూనే మింగింది.

ఐదో రోజు నెత్తురు ఆగలేదు. మహబూబ్‌నగర్ దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే... నా ఒడిలోనే పోయింది. ఒంట్లో రక్తం ముందు నుంచీ తక్కువేనని తర్వాత చెప్పారు.

డిసెంబర్ వచ్చింది. ఇంట్లో కూర్చుని ఎంతకని ఏడుస్తావు అని పక్కింటి శాంతమ్మ క్రిస్మస్ పొద్దున బలవంతంగా చర్చికి తీసుకుపోయింది. మనవరాలిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పాస్టరయ్య ఆ కానుకలకే అర్థం చెబుతున్నాడు... బంగారం రాజుకట, సాంబ్రాణి దేవుడికట, బోళం శవానికట. ఆ కాలంలో పీనుగుకు పూసేవారట. పుట్టిన బిడ్డ ముందు చావును గుర్తుగా పెట్టి పోయారట...

నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను.

"అయ్యా... అది బాలింతకు గదా?"

అందరూ తిరిగి చూశారు. ఆయన మెల్లగా, "కాదమ్మా... అది సావుకు గుర్తు" అన్నాడు. నా సంగతి ఆయనకేం తెలుసు...

పిల్లను ఎత్తుకుని బయటికి వచ్చేశాను. శాంతమ్మ వెనకాలే ఉరికి వచ్చింది. నా చేతులతో నేనే పెట్టాను శాంతా, అన్నాను. ఆమెకు కోపం వచ్చింది.

"నాకు మూడు కాన్పులకు మా అమ్మ గదే పెట్టింది వదినా. సచ్చిన్నా నేను?"

అని, నడిరోడ్డు మీద నాకన్నా ఎక్కువ ఏడ్చింది.

ఆమె అన్నది నిజమే... కానీ నా మనసు ఒప్పుకోవడం లేదు. రోజూ ఆ మరియమ్మే గుర్తొస్తుంది. పచ్చి బాలింత... ఆ పెట్టె అందుకున్నప్పుడు అది దేనికో ఆమెకు ఎవరన్నా చెప్పారా? చెబితే ఎట్లా పుచ్చుకుంది?

ఇప్పుడు మంత్రసానులు లేరు... బాలింతలకు సీసా మందులే. బోళం అంటే ఈ కాలం పిల్లలకు తెలియదు. అడుగుదామంటే మా అవ్వ కూడా లేదు. మీ ఇండ్లలో అవ్వలు, అమ్మమ్మలు బోళం ఎవరికి పెట్టేవాళ్లు? గుర్తున్నవాళ్లు కింద రాయండి... బాలింతకే అని ఒక్కరు రాసినా చాలు.