అనసూయక్క షెడ్డులో ఎర్ర కారు

ఈ రోజు పొద్దున రామాయంపేట రోడ్డు పక్కన నిలబడి చాయ్ తాగుతుంటే వెనక నుంచి ఒక కారు గర్జించుకుంటూ వచ్చింది. గ్లాసు పట్టుకున్న వేళ్లకు ఆ అదురు తెలిసింది. దవాఖానా మలుపు రాగానే కారు వేగం తగ్గలేదు గానీ, శబ్దం మాత్రం టక్కున అణిగిపోయింది. పక్కనున్నవాళ్లు వింతగా చూశారు. లోపల కూర్చున్న మనిషి వేలితో ఒక స్విచ్చును కిందికి నొక్కాడని నాకు తెలుసు. నాకు తెలిసినంతలో మెదక్‌లో అలాంటి స్విచ్చును మొదట బిగించింది నేనే. బిగించిన చేతులు నావి, బుద్ధి మాత్రం అనసూయక్కది.

ఆమెను చూడనివాళ్లకు ఆమె ఎలా ఉండేదో చెప్పడం కష్టం. పొట్టి మనిషి, చీర మీద మగవాళ్ల ఖాకీ చొక్కా, నెత్తికి తువ్వాల. ఐటీఐలో వెల్డింగ్ నేర్చుకున్నప్పుడు ఆ బ్యాచ్ మొత్తానికి ఆమె ఒక్కతే ఆడపిల్ల. ఊరి చివర రేకుల షెడ్డులో సైలెన్సర్ల పని చేసేది. హవేలిఘనపూర్, కుల్చారం వైపు నుంచి ట్రాక్టర్లు, వరికోత మిషన్లు ఆమె దగ్గరికే వచ్చేవి. నేను అంతకుముందు బోరు మోటార్లకు వైండింగ్ చేసేవాణ్ని. ఇరవై ఏడేళ్ల వయసులో ఆమె దగ్గర వైరింగ్ పనికి చేరాను. పని వచ్చన్న పొగరు నాకు దండిగా ఉండేది. ఆమెకేమో ఒక పట్టింపు ఉండేది. ఏ బండినైనా ఒక రాత్రి షెడ్డులో నిద్ర చేయించి, తెల్లారి చల్లబడ్డ ఇంజన్‌ను తన చేత్తో స్టార్ట్ చేసి విన్నాకే ఇచ్చేది. “వేడి బండి అందరితోని మంచిగనే మాట్లాడ్తది శీనూ. పొద్దుగాల లేవంగనే ఏం మాట్లాడ్తదో గదే అసలు ముచ్చట” అనేది. బండ్లవాళ్లు విసుక్కునేవారు. నాకు కూడా అది వట్టి చాదస్తంగానే తోచేది.

ఆ షెడ్డులోకి ఒకనాడు ఎర్ర స్పోర్ట్స్ కారు దిగింది. రెండే తలుపులు, నేలకు ఆనుకున్నట్టుండే నడుము. నేను చేతిలోని ప్లయర్ పక్కన పడేసి లేచి నిలబడ్డాను. దాన్ని తెచ్చింది నరేందరన్న. వాళ్లది అల్లాదుర్గ్‌లో భూములున్న కుటుంబం, ఆయన మాత్రం మెదక్‌లోనే ఒక ఇరుకు గల్లీలో కాపురముంటూ బియ్యం వ్యాపారం చేసేవాడు.

“అక్కా, మెత్తగ పోవాల్నని కంఫర్ట్ మోడ్‌ల పెడితే దీని గొంతు మూస్కుంటది. గొంతు ఇనాల్నంటే స్పోర్ట్ మోడ్‌ల పెట్టాలె, అప్పుడు మన గుంతలల్ల నడుము ఇరుగుతది. ఇగ పొద్దుగాల స్టార్ట్ చేసిన్నంటే ఏ మోడ్‌ల ఉన్నా గల్లీ అంతా లేస్తది” అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. “మా బిడ్డ ఏడో నెలల పుట్టింది. నెల దినాలు దవాఖానల అద్దాల పెట్టెల ఉండి మొన్ననే ఇంటికొచ్చింది. జర సప్పుడైతే ఉలిక్కిపడ్తది, ఇగ పాలు తాగది. డాక్టరమ్మ సప్పుడు కానియ్యొద్దన్నది. పది దినాల సంది బండి ముట్టలే, గియ్యాల తల్లీబిడ్డ దవాఖానకు పోయినంకనే తీసిన. మీతోని గాకపోతే అమ్ముకుంట.”

అనసూయక్క కారు కిందికి దూరి చాలాసేపు చూసింది. బయటికి వచ్చేసరికి ఆమె కళ్లు మెరుస్తున్నాయి. “శీనూ, దీని సైలెన్సర్‌ల చిన్న తలుపున్నదిరా!” అంది. సంగతి అర్థమయ్యాక ఆ హుషారులో నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు. ఇంజన్ ఒక సన్నని రబ్బరు గొట్టం గుండా గాలిని పీల్చి ఆ తలుపును మూసి ఉంచుతుంది. పీల్పు ఆగితే తలుపు తెరుచుకుని శబ్దం బయటికి దూకుతుంది. ఎప్పుడు ఆపాలో కారులోని కంప్యూటర్ మోడ్‌ను బట్టి నిర్ణయిస్తుంది. ఆ నిర్ణయాన్ని మేం డ్రైవర్ వేలికి అప్పగించాలి, అంతే. స్విచ్చు పైకి నొక్కితే గొంతు విప్పాలి, కిందికి నొక్కితే మూసుకోవాలి. నేను కంప్యూటర్ నుంచి వచ్చే వైరు కత్తిరించబోతే అక్క నా చెయ్యి పట్టుకుంది. “కంపెనీ పెట్టింది కొయ్యొద్దు. స్విచ్చు నడిమిట్ల పెడితే బండి ఎట్లొచ్చిందో అట్లనే ఉండాలె. మనం పోయిన తొవ్వకు వాపసొచ్చే తొవ్వ ఉండాలె” అంది.

మూడో రోజు మధ్యాహ్నం హవేలిఘనపూర్ రోడ్డు మీద పరీక్షించాం. నేను స్టీరింగ్ దగ్గర, అక్క పక్క సీట్లో. కంఫర్ట్ మోడ్‌లో గుంతల మీద బండి మెత్తగా తేలిపోతోంది. స్విచ్చు పైకి నొక్కాను. వెనక నుంచి ఆ శబ్దం వచ్చి వీపును గుద్దింది! పొలంలో నాట్లు వేస్తున్న ఆడవాళ్లు నడుములెత్తి చూశారు. స్పోర్ట్ మోడ్‌లో పెట్టి కిందికి నొక్కితే కారు ఉరికింది గానీ కిక్కురుమనలేదు. “మల్లొక్కసారి నొక్కు, మల్లొక్కసారి!” అని అక్క సీట్లో ఎగిరెగిరి పడింది. యాభై ఏళ్ల మనిషిని అంత సంబరంగా నేనెప్పుడూ చూడలేదు.

ఆ సంబరంలోనే నేను కాలు జారాను. సాయంత్రం ఎవరిదో కోత మిషన్ సైలెన్సర్ విరిగిందని అక్క కుల్చారం వెళ్లింది. అంతలో నరేందరన్న వచ్చాడు. తెల్లారి ఆరింటికల్లా హైదరాబాద్ బయలుదేరాలన్నాడు. అయిదారు సార్లు ఆపి స్టార్ట్ చేసి చూపించాను, ప్రతిసారీ పిల్లిలా లేచింది. రేపటిదాకా ఆగమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. మెచ్చుకోలు అప్పుడే కావాలనిపించింది. తాళం చెవి ఆయన చేతిలో పెట్టాను.

అక్క దీపాల వేళకు తిరిగొచ్చి ఖాళీ జాగా చూసింది. “ఇచ్చేసినవా? చల్లగైనంక స్టార్ట్ చేసినవా?”

“చేసిన అక్కా” అన్నాను.

ఆమె చేతులు కడుక్కుంటూ, తనలో తాను అనుకున్నట్టు, “రాత్రంతా ఇంజన్ బంద్ ఉంటే మరి గాలి ఎవలు పీలుస్తరో” అంది. అప్పుడు నాకు వెలిగింది. పగలంతా నేను వేడి బండినే ఆపి స్టార్ట్ చేశాను, గొట్టంలో ఇంకా పీల్పు మిగిలే ఉంది. తెల్లారేసరికి అదంతా కారిపోతుంది, తలుపు దానంతటదే తెరుచుకుంటుంది. స్విచ్చు కిందికే ఉందన్న ధైర్యంతో ఆయన స్టార్ట్ బటన్ నొక్కుతాడు. కారు నిలిపేచోటికి సరిగ్గా పైనే, మేడ మీది గదిలో పసిగుడ్డు పడుకుని ఉంటుంది.

“అక్కా, అబద్ధం చెప్పిన. చెయ్యలే” అన్నాను.

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది. ఫోన్ చేస్తే ఆయన ఎత్తలేదు. పిల్ల కోసం సప్పుడు బంద్ పెట్టుకున్నట్టుంది. గేటు బాదితే లేచేది కూడా ఆ పిల్లే. “పొద్దుగాల అయిదింటికి ఇద్దరం పోదాం” అంది అక్క.

వెళ్లి గేటు ముందు నిలబడ్డాం. ఆయన ఆరింటికి అన్నవాడు అయిదుంబావుకే గేటు తెరిచి, మమ్మల్ని గమనించకుండానే కారులో కూర్చున్నాడు. అక్క చెప్పులు వదిలేసి ఉరికి, అద్దం ముందు రెండు చేతులూ ఊపింది. బటన్ మీదికి పోయిన వేలు ఆగింది. అద్దం దిగగానే ఆమె గుసగుసగా, “మా షాపు తప్పు సార్. పొద్దుగాల చూడకుండనే ఇచ్చినం. గియ్యాల స్టార్ట్ చేయకుండ్రి” అంది. నా పేరు ఎత్తలేదు. నేను పక్కకొచ్చి, “షాపుది గాదన్నా, నాది. నేనే ఇచ్చిన” అన్నాను. ఆయన ముఖం ఎర్రబడింది. ఒకసారి పైకి చూశాడు. కిటికీ వెనక నిశ్శబ్దంగా ఉంది. ఆయన న్యూట్రల్‌లో పెట్టి, దిగి, “ఇగ నూకుండ్రి” అన్నాడు. ముగ్గురం కలిసి ఆ కారును పాల ప్యాకెట్ల కుర్రాడు నోరెళ్లబెట్టి చూస్తుండగా గల్లీ చివరిదాకా తోసుకుంటూ పోయాం. సగం దూరంలో అక్కకు నవ్వు వచ్చింది, కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమెను చూసి నాకు, మా ఇద్దరినీ చూసి ఆయనకు నవ్వు ఆగలేదు.

ఆయన బస్సెక్కి హైదరాబాద్ వెళ్లాడు. మేం పీల్పును రాత్రంతా దాచి ఉంచే చిన్న డబ్బా ఒకటి, వెనక్కి కారనివ్వని వాల్వు ఒకటి బిగించాం. రెండు రాత్రులు బండి షెడ్డులోనే పడుకుంది, రెండు తెల్లవారుజాముల్లోనూ అక్క పక్కన నిలబడగా నేనే స్టార్ట్ చేసి విన్నాను. తర్వాత ఒక సాయంత్రం బండిని తెచ్చి అదే ఇంటి ముందు నిలిపాం, మూడో తెల్లవారుజామున అక్కడే స్టార్ట్ చేయాలి. నరేందరన్న తాళం చెవికోసం అక్కవైపు చెయ్యి చాపాడు. ఆమె దాన్ని నా అరచేతిలో పెట్టి, “మావోడే ఇస్తడు. పొద్దుగాల ఇన్నది వాడే” అంది. ఆయన బటన్ నొక్కాడు. ఇంజన్ లేచింది, పక్కింటి గోడ మీది పిచ్చుక కూడా లేవలేదు. కాసేపటికి పై కిటికీ తెరుచుకుంది. వాళ్లావిడ పిల్లను భుజాన వేసుకుని కిందికి చూసి, “ఇంకా స్టార్ట్ చెయ్యలేదా?” అని అడిగింది.

అనసూయక్క పోయి రెండేళ్లయింది. ఇప్పుడు నాకు సొంత షెడ్డుంది. కంపెనీలే ఫోన్ నుంచి శబ్దాన్ని పెంచి తగ్గించే కార్లు చేస్తున్నాయి, అవీ వస్తున్నాయి నా దగ్గరికి. నా చేతిపనిని ఇప్పటికీ నేను పూర్తిగా నమ్మను. కానీ ఆ తాళం చెవి నా చేతిలో పెట్టిన పొద్దున, నాలుగు రోజుల ముందే తనతో అబద్ధం ఆడిన నన్ను అందరి ముందూ నమ్మిన మనిషి ఒకామె ఉండేది. ఆమె నమ్మింది గనుక, ఆ రోజు నుంచి నేను పని గురించి ఇంకొక అబద్ధం ఆడలేకపోయాను.