కూర కుండ కుమ్మరించేశాను

మొన్న వానాకాలం నా రూమ్మేట్ సుమతితో అరకు అవతల కొండల్లో ఉన్న వాళ్ళ ఊరెళ్ళాను. నేను పుట్టి పెరిగింది వైజాగ్‌లో. డబ్బాలో అమ్మే తెల్ల మష్రూమ్ తప్ప ఇంకోటి తెలీదు.

వాళ్ళమ్మ పొద్దున్నే అడవికెళ్ళి గంపెడు పుట్టగొడుగులు తెచ్చారు. ఒక్కోటి కంచమంత ఉంది, కాడ నా మణికట్టంత లావు. తిరగేస్తే కింద మామూలు మష్రూమ్‌కుండే సన్నటి మడతలు లేవు, స్పాంజిలా అన్నీ కన్నాలే. నాకు అనుమానమొచ్చింది. ఫోన్‌లో వెతికితే, ఇలాంటివాటిలో కొన్ని విషం, కోస్తే నీలంగా మారేవాటితో జాగ్రత్త అని ఉంది.

గుమ్మం పక్కన పడున్న ఒకటి విరిచాను. చూస్తుండగానే పసుపు రంగు కండ నీలంగా మారింది! పొయ్యి మీద ఆ పుట్టగొడుగుల కూరే ఉడుకుతోంది.

"ఆంటీ, మమ్మల్ని చంపేస్తారా?" అని అరిచి, గుడ్డతో కుండ పట్టుకెళ్ళి పెరట్లో కుమ్మరించేశాను.

"ఏటి గుంటా, ఏటి సేసావు?" అన్నారావిడ. "నువ్వు ఇరిసింది పారేద్దామని పక్కనెట్టాను. అలాటివి కూరలో ఎయ్యం."

గంపలో మిగిలినదొకటి విరిచి నా చేతిలో పెట్టారు. ఎంతసేపు చూసినా తెల్లగానే ఉంది.

"రంగొక్కటే సూత్తే సాలదు. ఏ సెట్టు కింద మొలిసిందో కూడా తెలాల."

మధ్యాహ్నం అందరికీ అంబలే గతి. సుమతి విసురుగా పెరట్లో కూరంతా ఊడ్చేసింది. తెలీని పుట్టగొడుగు నేనిప్పటికీ తినను, అది తప్పనీ అనుకోను. కానీ ముందు అడగాల్సింది. తిడతారేమోనని చూస్తుంటే, ఆవిడ అందరికంటే ముందుగా నా గ్లాసే నింపారు. తల ఎత్తలేకపోయాను.