ఓదెమ్మ ఇంటిపేరు

మొన్న ఆదివారం లడ్డూల కోసం నేతిలో గోధుమపిండి వేయిస్తూ ఫోనులో మాటల్లో పడ్డాను. పిండి దోరరంగు దాటి ముదురు బెల్లం రంగుకు తిరిగి, ప్లేనోలోని మా ఇల్లంతా కమ్మగా, కొంచెం చేదు కలిసిన వాసన నిండిపోయింది. మా అమ్మాయి మేడ దిగి వచ్చి, "అమ్మా, బర్న్ అయిపోయింది" అంటూ కిటికీలు తెరిచింది. నేను స్టవ్ ఆపి, గరిటె చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ చిన్ననాటి మా పక్కింటి మిస్ ఒడీల్ వంటింట్లో నిలబడ్డట్టయింది.

నా చిన్నతనంలో నాన్నకు లూసియానాలో ఒక చమురు కంపెనీలో ఇంజనీరు ఉద్యోగం దొరికింది. మేం ఉన్నది లఫాయెట్ దగ్గర ఒక చిన్న ఊరు. ఓక్ చెట్ల కొమ్మలకు బూడిదరంగు నాచు జడల్లా వేలాడేది. ఇళ్ళ వెనక బయ్యూ అనే మందకొడి వాగు కదిలీ కదలనట్టు పారేది. వేసవి వచ్చిందంటే స్నానం చేసి తుడుచుకునేలోపే మళ్ళీ చెమట పట్టేది. తాతయ్య పోయాక కరీంనగర్ నుంచి మా బాపమ్మ, అంటే నాన్నగారి అమ్మ, మా దగ్గరికే వచ్చేసింది. ఆమెకు ఇంగ్లీషు ముక్క రాదు. నాన్న ఆఫీసుకు, అమ్మ ఆస్పత్రి డ్యూటీకి, నేను బడికి వెళ్ళిపోతే, పగలంతా పెరట్లో కుర్చీ వేసుకుని పక్కింటివాళ్ళ కంచె వైపు చూస్తూ కూర్చునేది.

ఆ కంచె అవతల మిస్ ఒడీల్ బెండ తోట ఉండేది. అక్కడి పిల్లలు పెద్దావిడల పేరుకు ముందు 'మిస్' చేర్చి పిలుస్తారు. ఆమె భర్త పోయి అప్పటికి చాలా కాలమైంది, ఒక్కగానొక్క కొడుకు హ్యూస్టన్‌లో ఉండేవాడు. ఒకరోజు బాపమ్మ ఎవరినీ అడగకుండా కంచె తలుపు తోసుకుని పోయి, ఒక బెండకాయ తెంపి, లేతదో ముదురుదో చూడటానికి దాని కొస విరిచింది. వరండాలోంచి చూస్తున్న మిస్ ఒడీల్ మెట్లు దిగి వచ్చి, తనూ ఒక కాయ తెంపి అచ్చం అలాగే కొస విరిచి చూపించింది. ఇద్దరూ నవ్వుకున్నారు. బాపమ్మ నోటికి 'ఒడీల్' పలకలేదు. కరీంనగర్ వైపు ఓదెమ్మ అనే పేరు ఇంటింటా ఉండేదే కాబట్టి ఆమె ఓదెమ్మ అయిపోయింది.

ఇక ఆ రెండిళ్ళ మధ్య గిన్నెలు ఖాళీగా తిరిగి వచ్చింది లేదు. మిస్ ఒడీల్ పిండిని నూనెలో నిదానంగా, అడుగంటకుండా కలుపుతూ ఎర్రగా వేయించి, అందులో బెండకాయలూ కోడిమాంసమూ వేసి గంబో అనే చిక్కటి పులుసు కాచి పంపితే, బాపమ్మ అందులో ఇంత కారం కలుపుకుని అన్నంలోకి తినేది. ఇటు నుంచి సర్వపిండీ, సకినాలూ, గోంగూర పచ్చడీ వెళ్ళేవి. చలికాలం మొదట్లో అక్రోటుల్లాంటి పెకాన్ కాయలు టపటపా రాలితే వాటి సగం డిప్పలను గవ్వలుగా చేసుకుని వరండాలో సున్నపుముక్కతో పచ్చీసు పటం గీసేవారు. ఆమె ఫ్రెంచిలో, ఈమె తెలుగులో తొండి ఆటలని దెబ్బలాడుకునేవారు. బతుకమ్మకు పూలన్నీ మిస్ ఒడీల్ తోటలోవే. చప్పట్ల వరస ఆమె రెండో ఏటికే నేర్చేసుకుంది. బయ్యూలో బతుకమ్మను వదిలేటప్పుడు మాత్రం మొసళ్ళున్నాయని మమ్మల్ని దూరంగా నిలబెట్టి తనే నీళ్ళలోకి వంగేది.

నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు, ఎవరి ఇంటిపేరుకు ఏం అర్థమో ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి రమ్మంది టీచరు. మా ఇంటిపేరు నూతి. ఇంగ్లీషు అక్షరాల్లో చూసి బళ్ళో అందరూ నన్ను 'నట్టి' అనేవారు, అంటే తిక్కది అని. ఏడుపు మొహంతో వచ్చిన నన్ను మిస్ ఒడీల్ వరండాలోకి పిలిచింది.

"ఇంతకీ మీ పేరుకు అర్థమేమిటి, బంగారం?"

"నుయ్యి. నీళ్ళు తోడుకునే నుయ్యి. మా ముత్తాతల పెరట్లో ఊరందరికీ తియ్యటి నీళ్ళిచ్చే బావి ఉండేదట."

ఆమె ఒళ్ళోని బెండకాయలు కిందపడేలా చప్పట్లు కొట్టింది. వాళ్ళ ఇంటిపేరు డ్యుప్వీ. ఫ్రెంచిలో 'నూతి దగ్గరివాళ్ళు' అని అర్థమట. ఫ్రాన్సులో ఏదో పల్లెలో ఊరి బావి పక్కన కాపురమున్నవాణ్ణి అలా పిలవగా అదే ఇంటిపేరైందట. వాళ్ళలో కొందరు ఓడలెక్కి కెనడా తీరానికి పోయి, చిత్తడి నేలలకు కట్టలు పోసి పొలాలు చేసుకున్నారట. తర్వాత ఇంగ్లీషువాళ్ళు ఆ భూములు గుంజుకుని, ఇళ్ళు తగలబెట్టి, మొగుణ్ణొక ఓడలో పెళ్ళాన్నొక ఓడలో తోసి తరిమేస్తే, చెల్లాచెదురైనవాళ్ళు ఏళ్ళ తరబడి తిరిగి తిరిగి ఈ బురదనేలలకు చేరారట. "ఇక్కడ నుయ్యి తవ్వాల్సిన పనే లేదు, పలుగు దింపితే నీళ్ళే. అయినా పేరు అలాగే ఉండిపోయింది" అని నవ్వింది.

నేను పరుగెత్తుకొచ్చి బాపమ్మకు చెప్పాను. ఆమె బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టేసింది.

"ఏందే, ఆమెది గూడ నూతోళ్ళ ఇల్లేనా? అయితె మన పాలోళ్ళే గదా! నేను నూతోళ్ళ కోడల్ని, ఆమె నూతోళ్ళ కోడలు. నాకు యారాలైతది బిడ్డా!"

మా వైపు పాలోళ్ళంటే దాయాదులు, యారాలంటే తోడికోడలు. ఆ సాయంత్రమే బాపమ్మ ఒక కొత్త చీర పట్టుకుపోయి యారాలికి పెట్టి వచ్చింది.

మరుసటి ఏడు నాన్నకు సిటిజన్‌షిప్ వేళ వచ్చింది. ఆయనకూ ఆఫీసులో 'మిస్టర్ నట్టి' బాధ తప్పలేదు. "అమ్మా, ఇప్పుడైతె పేరు ఛేంజ్ చేసుకునుడు ఈజీ. నేథన్ అని పెట్టుకుంట. పిల్లకు గూడ మంచిగుంటది" అన్నాడు. బాపమ్మ అన్నం తినకుండా లేచింది. మర్నాడు తన మాటలు ఇంగ్లీషులో చెప్పే పని నాకు పెట్టి యారాలి దగ్గర కూర్చుని కన్నీళ్ళు పెట్టుకుంది.

మిస్ ఒడీల్ ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చి, నాన్న ఎదురుగా కూర్చుంది.

"మా ఆయన చిన్నప్పుడు బళ్ళో ఫ్రెంచి మాట్లాడితే శిక్ష. టీచరు హాజరు పిలుస్తూ డుపూయిస్ అనేది. ఆయన లేచి, కాదు డ్యుప్వీ అనేవాడు. కింద మొక్కజొన్న గింజలు పోసి మోకాళ్ళ మీద నిలబెట్టేది. మర్నాడు మళ్ళీ లేచి అదే మాట. ముసలివాడయ్యాక కూడా మోకాళ్ళ మీద ఆ మచ్చలు చూపించేవాడు, అంత గర్వం." తర్వాత కొడుకు మాట ఎత్తింది, "మా అబ్బాయి హ్యూస్టన్ వెళ్ళి వెల్స్ అని మార్చుకున్నాడు. అర్థం అదే, తప్పేం లేదు. కానీ మా ఊళ్ళో కొత్త మనిషి కనిపిస్తే మొదట అడిగేది నువ్వు ఎవరింటివాడివి అని. అక్కడ వాణ్ణి ఆ మాట ఎవరు అడుగుతారు?"

నాన్న పేరు మార్చుకోలేదు. ప్రమాణం రోజున అధికారి 'నట్టి' అని పిలిస్తే, హాలంతా వినబడేలా "నూతి, సర్, నూతి" అన్నాడు. వెనక వరసలో ఇద్దరు ముసలమ్మలు చప్పట్లు కొట్టారు.

నేను హైస్కూల్లో ఉండగా, బెండ మొక్కలు నిండుగా కాపు మీదున్న రోజుల్లో మిస్ ఒడీల్ నిద్రలోనే పోయింది. చర్చి వెనక శ్మశానంలో బాపమ్మ గుప్పెడు మన్ను వేసి, ఇంటికి వచ్చి తలస్నానం చేసి, అమ్మను దీపం పెట్టవద్దంది.

"వాళ్ళు చర్చోళ్ళు గదమ్మా, మనకు మైల ఎందుకు?" అన్నాడు నాన్న.

"ఇంటిపేరు ఒక్కటే గదరా. యారాలు పోతె దీపమెట్ల పెడ్తర్రా?"

పది రోజులూ మైల పట్టింది. పదోనాడు గంబో తనే వండి, అన్నంతో కలిపి, ఆకులో మిస్ ఒడీల్ వరండా మెట్ల మీద కాకికి పెట్టింది. ఇల్లు ఖాళీ చేయడానికి వచ్చిన హ్యూస్టన్ కొడుకు బయటికి వచ్చి ఇదేమిటని అడిగాడు. నేను చెప్పాను. ఆయన టోపీ తీసి మెట్టు మీద కూర్చున్నాడు. "మీ బాపమ్మకు నేనేమవుతాను మరి?" అన్నాడు.

"నాకు కొడుకు వరస. చెప్పవే" అంది బాపమ్మ, ఆయన తల నిమురుతూ.

నేను చెప్పాను. నెరిసిన జుట్టున్న ఆ పెద్దమనిషి కాకి వచ్చి ముట్టేదాకా అక్కడే కూర్చుని ఏడ్చాడు.

బాపమ్మ కూడా పోయి చాలా ఏళ్ళయింది. అమ్మానాన్నలు ఆ ఇల్లు అమ్మేసి నాకు దగ్గరలోకి వచ్చేశారు. ఈ మధ్య అటు డ్రైవ్ చేసి చూస్తే బెండ తోట ఉన్నచోట గరాజ్ కట్టారు, ఓక్ చెట్టు తుపానుకు పడిపోయిందట, ఆ వీధిలో ఫ్రెంచి వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు. ప్లేనోలో కొత్తగా కలిసిన తెలుగువాళ్ళు ఏ కంపెనీ, ఏ స్కూల్ డిస్ట్రిక్ట్ అని అడుగుతారు, నేనూ అదే అడుగుతాను. నేను పెళ్ళి చేసుకున్నది అన్నదమ్ములు లేని ఒక్కగానొక్క కొడుకును. వీధివీధినా మనవాళ్ళే ఉన్న ఈ ఊళ్ళో యారాలా అని పిలవడానికి నాకు ఒక్క మనిషీ లేదు.