వెళ్ళొస్తానండి అనకూడని ఉద్యోగం

ఆ రోజుల్లో నాకు ప్రతిదానికీ ఒక ప్లానుండేది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఇరవై రెండేళ్ళ పిల్లకి ప్లాను లేకపోతే ఇంకెవరికుంటుంది చెప్పండి! నర్సింగు పూర్తిచేసి, ఏలూరులో ఇళ్ళకి నర్సుల్ని పంపే ఒక మేడమ్‌గారి దగ్గర కొత్తగా చేరాను. ఒకింట్లో నెల, ఇంకో ఇంట్లో రెండు నెలలు, పేషెంటు లేచి తిరగ్గానే పెట్టె సర్దుకుని మరో ఊరు. సెల్ ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకీ రాలేదు. తర్వాతి డ్యూటీ ఎక్కడో తెలియాలంటే నేను ఎస్టీడీ బూతుకి వెళ్ళి మేడమ్‌గారికి ఫోన్ చెయ్యాలి. నా మొదటి డ్యూటీ తాడేపల్లిగూడెంలో, తుంటి ఎముక విరిగి ఆపరేషనైన ఒక మామ్మగారికి. అక్కడ చేరిన వారం నుంచే నేను రెండో డ్యూటీ గురించి డైరీలో రాసుకోవడం మొదలుపెట్టాను (మొదటిది ఎలా చెయ్యాలో రాసుకుంటే బాగుండేదేమో, ఆ తెలివి లేదు).

మేడమ్‌గారు రెండు చోట్లు చెప్పారు. ఒకటి ఏలూరు పవర్‌పేటలో, మా ఇంటికి రెండు వీధుల అవతల. రెండోది కొల్లేట్లో ఒక లంక గ్రామం, దోనె ఎక్కి వెళ్ళాలి. నాకు నీళ్ళంటే ప్రాణభయం. స్నానానికి బకెట్టు నిండా తోడినా వెనక్కి జరిగే రకాన్ని. "మామ్మగారింటివాళ్ళు నీ గురించి మంచిమాట చెప్తే పవర్‌పేట నీదే. లేకపోతే కొల్లేరు" అన్నారు మేడమ్‌గారు. అంతే, డైరీలో పేజీ నిండిపోయింది. మధ్యాహ్నం ఇంటికెళ్ళి అమ్మ చేతి రొయ్యల వేపుడు, ఆదివారం మా చర్చిలో పాటల బృందంలో నా చోటు నాకు. అమ్మకి ఫోన్లో చెప్పేశాను. మా అమ్మకి చెప్పడమంటే మైకులో చెప్పడమే. ఆ ఆదివారానికల్లా చర్చి మొత్తానికి నేను సొంతూరు వచ్చేస్తున్నానని తెలిసిపోయింది.

మంచిమాట కోసం నేను పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. మామ్మగారిని బతిమాలి, బెదిరించి, వాకరు పట్టించి వీధి వరండా దాకా నడిపించాను. అక్కడ కూర్చుంటే గూడెం మార్కెట్టుకి వెళ్ళే ఉల్లిపాయల లారీలు కనిపిస్తాయని ఆశ పెట్టాను. ఆరోవారానికి ఆవిడ ఎవరి సాయమూ లేకుండా వచ్చి లారీలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. కోడలుగారు మురిసిపోయి "మీ మేడమ్‌గారికి నేనే ఫోన్ చేసి చెప్తాలే అమ్మా" అన్నారు. నేను వెళ్ళే రోజు వర్జ్యం చూసి మరీ టైము పెట్టారు. బొట్టు పెట్టబోయి, మేం క్రైస్తవులమని గుర్తొచ్చి, కుంకుమ భరిణ పక్కన పెట్టి జాకెట్టు ముక్క మాత్రం చేతిలో పెట్టారు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. పెట్టె పట్టుకుని గేటు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, గొంతెత్తి "వెళ్ళొస్తానండి మామ్మగారూ!" అన్నాను.

కోడలుగారి మొహంలో నవ్వు ఠక్కున ఆరిపోయింది. "మళ్ళీ ఎందుకమ్మా రావడం?" అన్నారు. అప్పటికి గానీ నాకు వెలగలేదు. నర్సు మళ్ళీ వస్తానందంటే మళ్ళీ ఏదో విరగాలనేగా! సర్దుకుందామని "అయ్యో, అది కాదండీ, వెళ్తున్నానండి" అన్నాను. మామ్మగారు చెవులు మూసుకున్నారు. "గేట్లో నిలబడి వెళ్తున్నానంటావేంటే పిల్లా!" అక్కడితోనైనా ఊరుకున్నానా? మన నోరు మనల్ని ఊరుకోనిస్తుందా? "పోనీ, అవసరమైతే కబురు చెయ్యండి" అని కూడా అనేసి, బస్టాండుకి ఒకటే పరుగు.

మర్నాడు మామ్మగారికి జలుబు చేసింది. ఉత్త జలుబేనండి, ఉల్లిపాయల దుమ్ముకి వచ్చుంటుంది. కానీ కోడలుగారు మేడమ్‌గారికి చెప్పిన మంచిమాట ఇదీ: "మీ నర్సు చెయ్యి మంచిదేనండి, నోరే మంచిది కాదు." పవర్‌పేట డ్యూటీ నా స్నేహితురాలికి వెళ్ళిపోయింది. అది అసలు మాట్లాడని పిల్ల. మా అమ్మ రెండు ఆదివారాలు తలనొప్పని చెప్పి చర్చి మానేసింది.

కొల్లేట్లో నా పేషెంటు ఒక తాతగారు. షుగరు వల్ల కాలికి పుండు పడింది, రోజూ కట్టు కట్టాలి. మొదటిరోజు దోనెలో నేను కళ్ళు మూసుకుని, గెడ వేసే ఆయన చొక్కా పట్టుకుని కూర్చున్నాను. ఆయన "చొక్కా చిరుగుతాదండి, దోనె పట్టుకోండి" అని మూడుసార్లు మొరపెట్టుకున్నాడు. ఆ ఇంట్లో నేను మాటలు సగానికి సగం తగ్గించేశాను. డైరీలో కొత్త ప్లాను రాశాను, ఎక్కడికి వెళ్ళాలని కాదు, ఈసారి ఏమని చెప్పి వెళ్ళాలని. "వెళ్ళొస్తాను" పనికిరాదు. "వెళ్తాను" అసలు పనికిరాదు. ఫోన్లో పెట్టేసేటప్పుడు అన్నట్టు "ఉంటానండి" అందామా అంటే, ఉంటే జబ్బు కూడా ఉందనే కదా! "సెలవు" అంటే నేనే పోతున్నట్టుంది. తెలుగులో ఒక నర్సు ఇల్లు దాటడానికి మాటే లేదని తేలింది. చివరికి "ఏమీ అనకుండా దోనె ఎక్కుట" అని రాసి, దాని కింద రెండు గీతలు గీశాను.

పుండు మానింది. అనుకున్నట్టే, అందరూ రేవు దగ్గర మాటల్లో ఉండగా పిల్లిలా వెళ్ళి దోనెలో కూర్చున్నాను. తాతగారు చూడనే చూశారు. "ఏంటమ్మాయ్, చెప్పా పెట్టకుండా ఎక్కేస్తన్నావు? నా మీద కోపమా?" అన్నారు. ఇక దాచలేక గూడెం కథంతా చెప్పాను. పవర్‌పేట, మామ్మగారు, జలుబు, మా అమ్మ తలనొప్పితో సహా. చెబుతుంటే ఏడుపొచ్చేసింది. ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. "ఓసి పిచ్చిదానా! కాలికి రాకు. కొర్రమేను పులుసుకి రా. ఇప్పుడు చెప్పు" అన్నారు. "వెళ్ళొస్తానండి తాతగారూ" అన్నాను. నోరారా అన్నాను. ఆ రోజు దోనెలో కళ్ళు తెరుచుకునే కూర్చున్నాను.

ఏడాది తర్వాత ఒక సెలవురోజున నిజంగానే వెళ్ళాను. దోనెలో నన్ను చూడగానే రేవులో బట్టలుతికే ఆడవాళ్ళంతా లేచి నిలబడ్డారు. "ఎవరికమ్మా? ఎవరికి బాలేదు?" అని ఒకటే గోల. ఊళ్ళో ఇంటింటికీ కబురు పాకిపోయింది. తాతగారు గట్టు మీద వల బాగుచేసుకుంటున్నవారల్లా పంచె పైకి లాగి కాలు చూపించారు. "చూస్కో, నాకేం లేదు!" "కాలికి కాదండీ, పులుసుకొచ్చాను" అన్నాను. ఆయన వల పక్కన పడేసి, "ఏమేవ్, కొర్రమేను తెప్పించు! వస్తానంది, వచ్చింది!" అని ఇంట్లోకి కేకేశారు. అన్నం తింటున్నంతసేపూ ఆయన నా కంచంలోనే చూస్తూ కూర్చున్నారు. నా డైరీల్లో ఏ ప్లాన్లోనూ లేని ప్రయాణం అదొక్కటే.

ఇప్పుడు నేనొక పెద్దాసుపత్రిలో వార్డు చూసుకుంటున్నాను. డిశ్చార్జయిన వాళ్ళు అలవాటుకొద్దీ "వెళ్ళొస్తామండి సిస్టర్" అనేసి, నాలిక కరుచుకుని, నా మొహంలోకి బిక్కుబిక్కుమని చూస్తారు. ఆ దోనెలో చొక్కా పట్టుకుని కూర్చున్న పిల్ల నాలో పకపకా నవ్వుతుంది. "రండమ్మా, తప్పకుండా రండి. కాకపోతే మా ఇంటికి, భోజనానికి" అంటాను. ఒకరిద్దరు వచ్చారు కూడా.