బిళ్ళ ఎక్కడుందమ్మా

మా మావగారు పోయిన నెలలో కన్నుమూశారు. అప్పటికి మధ్యాహ్నం కావస్తోంది. హాల్లో ఆయన మంచానికి ఎదురుగా టీవీ కట్టేసి ఉంది. ఆయన్ని బాగా ఎరిగినవాళ్ళు చావు కబురు విన్నాక, టీవీ ఎందుకు కట్టేశారని కూడా అడిగారు. ఆట మధ్యలో ఆయన టీవీ కట్టెయ్యమనడం ఇన్నేళ్ళలో నేను విన్నది ఆ ఒక్కసారే.

మన సంఘం ఉగాది సభల్లో సౌండు బల్ల దగ్గర కూర్చునే మనిషిగా మీలో చాలామందికి ఆయన తెలుసు. ఉపన్యాసం సాగిపోతుంటే చెయ్యెత్తి గడియారం చూపించేవారు. పెద్దవాళ్ళని కూడా వదిలేవారు కాదు. ఆయన ఉద్యోగం అలాంటిది. కౌలాలంపూర్‌లో ముందు ఒక టీవీ స్టేషన్‌లోనూ, తరువాత ఒక శాటిలైట్ చానెల్‌లోనూ ప్రసారాల గదిలో పనిచేశారు. ఏ కార్యక్రమం ఏ సెకనుకి మొదలవ్వాలో, ఎక్కడ ఆగాలో చూసుకోవడమే పని. పాత స్టేషన్‌లో సాయంత్రం అజాన్ వేళకి ఏ కార్యక్రమం నడుస్తున్నా ఆపి అజాన్ వెయ్యాలి. అన్నేళ్ళలో ఒక్క సెకను ఆలస్యం చెయ్యలేదని చెప్పుకునేవారు. రిటైరయ్యాక కూడా మా వీధి చిన్న మసీదు, సురావ్ నుంచి అజాన్ వినపడగానే మాట ఆపి గడియారం చూసుకునేవారు.

మంచు మీద ఆడే హాకీ ఆయనకి ఆ గదిలోనే పరిచయమైంది. పుట్టింది సుంగై సుమున్ కొబ్బరి ఎస్టేట్‌లో, గుమాస్తాగారింట్లో. ఐసంటే బాగన్ దాతుక్ రేవులో చేపల పెట్టెల్లో పోసేదే తెలుసు. స్టేషన్‌కి ఆ ఆట టేపులు వచ్చేవి. తరువాత శాటిలైట్‌లో నేరుగా వచ్చింది. కెనడా, అమెరికాల్లో సాయంత్రం మనకి ఉదయం కాబట్టి, మన ఇళ్ళలో పొద్దుటి పూజకి దీపం పెట్టే వేళకి అక్కడ ఆట మొదలయ్యేది. దేశంలో ఆ ఆట చూసేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది కూడా ఉండరని ఆయనే అనేవారు.

ఆటకంటే ఎక్కువగా, ఆటని టీవీ ఎలా చూపిస్తూ వచ్చిందో ఆయనకి ఇష్టం. విదేశీ పత్రికలు తెప్పించుకుని చదివేవారు. కెనడాలో మొదట్లో టీవీవాళ్ళని ఆట సగంలోగానీ రానిచ్చేవారు కాదట. ఇంట్లోనే కనపడితే టిక్కెట్టు ఎవరు కొంటారని యజమానుల భయం. అమెరికా చానెళ్ళు ఆ ఆటని ఎత్తుకోవడం, చూసేవాళ్ళు లేరని దింపెయ్యడం, మళ్ళీ ఎత్తుకోవడం చాలాసార్లు జరిగింది. కర్రలతో కొట్టే నల్లటి రబ్బరు బిళ్ళ కనపడటం లేదని జనం గొణిగితే, ఒక చానెల్ దాని చుట్టూ నీలం వెలుగు పెట్టి చూపించిందట. ఇంకోసారి రెండు జట్లూ సమానంగా ఉండి అదనపు ఆట మొదలవబోతుంటే, గుర్రప్పందెం ముందు కబుర్ల కోసం ఆటని కోసి వేరే చానెల్‌కి తోసేశారు. ఇది చెప్పినప్పుడల్లా ఆయనకి కోపం వచ్చేది. "మద్దిలో కోసినోడు ఆ కుర్సీకి పనికిరాడు" అనేవారు.

ఆ మాటకి మా ఆయన లేచి లోపలికి వెళ్ళిపోయేవారు. ఎందుకో చెప్పాలి.

పదహారేళ్ళ క్రితం మా అత్తగారు గుండె జబ్బుతో ఆసుపత్రిలో ఉన్నారు. ఫరవాలేదని డాక్టర్లు అంటే మావగారు ఉదయం డ్యూటీకి వెళ్ళారు. తొమ్మిదిన్నరకి ఆవిడ పరిస్థితి తిరగబడింది. మా ఆయన ఫోన్ చేశారు. వస్తున్నానన్నారు మావగారు. రావడానికి రెండు గంటల పైనే పట్టింది. అప్పటికే ఆవిడ రెండుసార్లు ఆయన గురించి అడిగి కన్నుమూశారు. తన బదులు కూర్చోవలసిన మనిషి రాలేదని, కుర్చీ వదిలి రాలేకపోయానని మావగారు చెప్పారు.

ఆ బదులు మనిషి ఒక మలాయ్ పెద్దాయన. మావగారితో ఇరవై ఏళ్ళు పనిచేశారు. ప్రతి దీపావళికీ నారింజ పళ్ళ పెట్టెతో మా ఇంటికి వచ్చేవారు. మా ఆయన ఆయన ముఖం చూసేవారు కాదు. "ఆ మనిషి టైముకి వచ్చుంటే అమ్మ ఆఖరిసారి నాన్నని చూసుండేది" అని నాతో అనేవారు. ఆ పెద్దాయన ఒక్క మాటా తిరిగి అనలేదు. మురుకులు తిని, నమస్కారం పెట్టి వెళ్ళిపోయేవారు. మావగారు తల వంచుకుని కూర్చునేవారు.

నాలుగేళ్ళ కిందట షుగర్ వల్ల మావగారి చూపు పోయింది. టీవీ వ్యాఖ్యాతలు ఆయనకి చాలలేదు. పూర్వం రేడియోకీ టీవీకీ ఒకే మనిషి చెప్పేవాడట, అప్పుడు గుడ్డివాడికి కూడా ఆట కనపడేదట. ఇప్పటివాళ్ళు, చూస్తున్నారు కదా అని సగం చెప్పడం మానేశారు. ఆ సగం చెప్పడం నా పనయ్యింది. హారతి అయ్యేదాకా ఆయన శబ్దం పెట్టనిచ్చేవారు కాదు. నేను గంట కింద పెట్టి వచ్చి కూర్చోగానే అడిగేవారు.

"బిళ్ళ ఎక్కడుందమ్మా?"

నాకది కనపడి చచ్చేది కాదు. నా గొంతు కూడా చిన్నది. ఎర్రచొక్కావాడు పాపం పడిపోయాడండీ, దెబ్బ తగిలినట్టుంది అనేదాన్ని. ఆయన నవ్వి, మలాయ్‌వాళ్ళలాగా మాట చివర 'లా' చేర్చి అనేవారు.

"పాపం సంగతి నాకెందుకు లా? సూసిందే సెప్పు. అనుకున్నది సెప్పకు."

జనం అరుస్తున్నప్పుడు మాట్లాడొద్దని కూడా ఆయనే నేర్పారు. పూజలో కూడా ఈ రెండు మాటలు నాకు పనికొచ్చాయి.

కిందటేడు ఒక ఉదయం ఆట సమానమై అదనపు ఆటకి వెళ్ళింది. ఆఖరి పోటీల్లో గోలు పడేదాకా ఆడుతూనే ఉంటారు. నేను చెబుతున్నాను. ఆయన శబ్దం తీసెయ్యమన్నారు.

"మీ అత్త పోయిన దినం ఆ మనిసి టైముకే వచ్చినాడమ్మా. లెగు, కుర్సీ ఇయ్యి, ఎల్లు అన్నాడు. ఆగు, ఈ ఆట అయినాక ఎల్తానన్నాను."

 ఎందుకు మావయ్యా అన్నాను.

"ఎవులు గెలుస్తారో సూడాలనిపించింది. అంతే."

ఎవరు గెలిచారని అడిగాను.

"గేపకం లేదు" అన్నారు.

తాను పోయాక కొడుక్కి చెప్పమని నన్ను అడిగారు. నేను ఒప్పుకోలేదు. ఎప్పుడూ ఆయన మాట కాదనని దాన్ని, ఆ రోజు కాదన్నాను. ఒకరి మీద వేసిన నింద వేసినవాళ్ళే తియ్యాలి, మీరే చెప్పాలన్నాను. సరే అన్నారుగానీ చెప్పలేదు. దీపావళి వచ్చింది, నారింజ పళ్ళు వచ్చాయి, మా ఆయన లోపలికి వెళ్ళిపోయారు. అయినా మావగారు చెప్పలేదు. నేను రోజూ దేవుడి ముందు అదే అడిగేదాన్ని. నిజం తెలిసి కూడా నోరు మూసుకున్నందుకు నాకూ అందులో పాలుంది.

కిడ్నీలు పాడై ఆసుపత్రివాళ్ళు ఇంటికి పంపేశారు. ఆ ఆఖరి ఉదయం కూడా ఆట ఉంది. మూడు మూడు గోల్స్‌తో సమానమైంది. అదనపు ఆట మొదలైంది. నేను బిళ్ళని వెతుకుతున్నాను. ఆయన చెయ్యి నా మణికట్టు మీద పడింది.

"కట్టెయ్యమ్మా. వాడిని పిలు."

కట్టేశాను. మా ఆయన వచ్చి మంచం పక్క కుర్చీలో కూర్చున్నారు. మావగారికి మాట రావడమే కష్టంగా ఉంది.

"ఆ దినం ఆడు టైముకే వచ్చినాడు రా. నేనే లెగలేదు."

  గోడ గడియారం చప్పుడు తప్ప ఇంకేమీ వినపడటం లేదు. చూపులేని మనిషి కొడుకు వైపు ముఖం తిప్పి వింటున్నారు. తరువాత నా వైపు తిరిగారు.

"ఏటి సేస్తున్నాడమ్మా?"

క్షమించారని చెప్పాలని నోటిదాకా వచ్చింది. కానీ అది నేను అనుకున్నది, చూసింది కాదు.

"కూర్చున్నారు మావయ్యా" అన్నాను. "లేవలేదు."

ఆయన కళ్ళు మూసుకున్నారు. గంటన్నర తరువాత పోయారు. మా ఆయన అప్పటిదాకా ఆ కుర్చీలోనే ఉన్నారు. ఒక్కసారి కూడా తండ్రి చెయ్యి పట్టుకోలేదు. అదీ చూశాను కాబట్టి రాస్తున్నాను. నాన్న చెప్పిన మాట దాచొద్దు, మన పత్రికలో రాయమన్నది మా ఆయనే.

ఒంటిగంట దాటాక సురావ్ నుంచి అజాన్ వినపడింది. మావగారి గడియారం ఆయన చేతికే ఉంది. సమయం చూసుకునేవాళ్ళు లేరు.

సాయంత్రం ఆ మలాయ్ పెద్దాయన వచ్చారు. ఈసారి చేతిలో ఏమీ లేదు. గుమ్మంలోనే ఆగిపోయారు. హాలంతా చుట్టాలు. కూర్చోవడానికి చోటు లేదు. మా ఆయన తండ్రి తల దగ్గర ఉన్న కుర్చీలోంచి లేచారు.  కుర్చీని కాస్త ముందుకు జరిపి, ఆయన వచ్చి కూర్చునేదాకా దాని వీపు మీద చెయ్యి వేసి పట్టుకుని, తరువాత గోడవారకి వెళ్ళి నిలబడ్డారు.

పెద్దాయన చాలాసేపు అందులోనే కూర్చున్నారు. ఎదురుగా నల్లటి టీవీ అద్దంలో దీపం ఒకటి చిన్నగా వెలుగుతోంది. దాని కింద కుర్చీలో ఒక మనిషి, మంచం మీద ఒక మనిషి.