గుమ్మం పక్క రెండు మేకులు

పోయిన వారం ఇంటికి సున్నం వేయించాం. నిచ్చెన మీదున్న మనిషి, వీధి గుమ్మానికి లోపలివైపు గోడకున్న రెండు మేకులను చూసి, "ఇవ్వి పీకేద్దునా అమ్మా? ఏం తగిలిస్తలేరు గదా" అన్నాడు. కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే నాకు ఇప్పటికీ బెరుకే. "వద్దు, ఉండనియ్యి" అనడానికే చెమట పట్టింది. అతను వాటి చుట్టూ జాగ్రత్తగా కుంచె తిప్పాడు. మేకుల పైనున్న నూనెపొగ మరక మాత్రం మూడు పూతలకూ లొంగలేదు. నానమ్మ ఉంటే "లొంగకపాయె, మంచిదే" అనేది. ఆ సాయంత్రం పాత డైరీ తీశాను.

డెబ్బై ఎనిమిది ప్రాంతంలో, నేను పదో తరగతిలో ఉన్నప్పుడు, మా పక్కగదిలో సర్కారు దవాఖానా నర్సు ఒకామె అద్దెకుండేది. కొంకణం వైపు మనిషి, అందరం "బాయి" అనేవాళ్ళం. భర్తకు ఇక్కడి రైల్వే స్టేషన్లో పని. వాళ్ళు యూదులన్న సంగతి మా వీధిలో ఎవరికీ తెలియదు, నానమ్మకు అసలే తెలియదు. శుక్రవారం పొద్దుగూకకముందే వంట ముగించుకునేవాళ్ళు, శనివారం వాళ్ళ పొయ్యి వెలిగేది కాదు. బాయి వెంకన్నకు ఒక్కపొద్దు ఉంటోందని నానమ్మ తేల్చేసి, రెండేళ్ళపాటు ఆమెనే చూపించి మా అమ్మను దెప్పింది: "సూసి నేర్సుకో. శనివారమొస్తే ఎంత నిష్ఠగుంటదో!" బాయి నవ్వేదే కానీ దిద్దలేదు. చివరికి ఆమె భర్తే ఒకరోజు విడమరిచి చెప్పాడు. తమ తాతలు సముద్రం ఒడ్డున గానుగలు ఆడించేవాళ్ళట, శనివారం మాత్రం గానుగెద్దుకు కూడా సెలవట. నానమ్మ మాత్రం "ఏ దేవునిదైతేంది, శనివారమైతే శనివారమే గదా" అని తన మాటే నెగ్గించుకుంది.

నేను చుట్టాలొస్తే జొన్నల గుమ్మి వెనక పుస్తకంతో దాక్కునే రకం. బాయి నన్ను మాట్లాడమని ఎన్నడూ బలవంతపెట్టలేదు. దవాఖానాలో ఎవరో చదివి వదిలేసిన వారపత్రికలు తెచ్చి, గుమ్మి మీద పెట్టి వెళ్ళిపోయేది. ఆ వానాకాలం ఆమె భర్త జ్వరంతో పోయాడు. ఝరాసంగం, రాయికోడ్ లాంటి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చే కాన్పులన్నీ చేతుల మీద దాటించిన మనిషి, సొంత మనిషిని దాటించలేకపోయానని కుంగిపోయింది. చలికాలం వచ్చేసరికి నౌకరీ వదిలి బొంబాయిలో అన్న దగ్గరికి వెళ్ళిపోవాలని నిశ్చయించుకుంది. "నా చేతిల ఇంక తాకత్ లేదు బేటీ. ఎవరి నాడి పట్టుకున్నా ఆయనదే యాదికొస్తది" అంది. నా చేతిరాత బాగుంటుందని, రాజీనామా దరఖాస్తు నాతోనే శుభ్రంగా తిరగరాయించింది. వెళ్ళొద్దనాలని ఉంది, నోరు రాలేదు. ఎంత నెమ్మదిగా రాయొచ్చో అంత నెమ్మదిగా రాశాను. నాకు చేతనైన అడ్డు అదొక్కటే.

దరఖాస్తు ఇవ్వాల్సిన రోజుకు ముందురోజు సాయంత్రం వాళ్ళ దీపాల పండుగ, హనుక్కా, మొదలైంది. ఎనిమిది రోజులు, రోజుకో దీపం పెంచుకుంటూ వెలిగిస్తారు. ఈ యేడు చేయనని బాయి ముందే చెప్పింది. కానీ పొద్దుగూకాక ఏమనిపించిందో, చిన్న గాజుగ్లాసు పట్టుకుని మా గడప బయట నిలబడింది. నూనె తెచ్చి పోయడం ఏటా భర్త పనట. ఇంట్లో చుక్క లేదని అప్పుడే చూసుకుందట.

"ఆయీ, జర నూనె ఇస్తరా?" అంది. నానమ్మను ఆమె మరాఠీలో అమ్మను పిలిచినట్టు "ఆయీ" అనేది.

నానమ్మ అప్పుడే దేవుడి దగ్గర దీపం పెట్టి లేస్తోంది. దీపం పెట్టాక నూనె, ఉప్పు బయటికి ఇస్తే లక్ష్మి వెళ్ళిపోతుందని మా ఇళ్ళలో పట్టింపు. "దీపం పెట్టినంక నూనె గడప దాటదు బిడ్డా. తెల్లారి తీస్కపో" అంది.

"ఠీక్ హై ఆయీ. ఇయ్యేడు వద్దనే రాసి ఉన్నట్టుంది," అని బాయి గ్లాసును కొంగుచాటు చేసుకుని వెళ్ళిపోయింది. బజారుదాకా పోయే ఓపిక లేదని ఆ నడకే చెప్పింది.

నానమ్మకు కాలు నిలవలేదు. నూనెకుండ మూత తీసింది, మళ్ళీ పెట్టింది. "రేపు పెట్టుకుంటే ఏమైతదంట?" అని నన్నడిగింది. "రేపు రెండోది పెట్టాలె నానమ్మా. మొదటిది ఈ పూటనే. ఇయ్యాల పెట్టకపోతే రేపు ఆమె దరఖాస్తు ఇచ్చేస్తది, ఎళ్ళిపోతది" అన్నాను. నా నోట అన్ని మాటలు ఒక్కసారే వినడం ఆమెకదే మొదలు. నా మొహం చూసింది, తర్వాత గడపను చూసింది.

"నూనె గడప దాటొద్దు గని, మనిషి దాటొద్దని ఎవలన్నరు? పో, దీపాలు తీస్కొని లోపటికే రమ్మను."

బాయి గదిలో దీపం లేదు. తాడు కట్టిన ట్రంకుపెట్టె మీద దరఖాస్తు, దాని పక్కన బాయి. "నానమ్మ రమ్మంటుంది, దీపాలతోని" అన్నాను. ఆమె లేచింది. భర్త మఫ్లరులో చుట్టి ఉన్న చెక్కపలకను తీసింది. దానికి గ్లాసులు నిలబెట్టే ఇత్తడి రింగులున్నాయి. అది తగిలించడానికి నానమ్మే రోలు పొత్రంతో రెండు మేకులు దిగ్గొట్టింది. ఒకటి వంకర పోయింది, ఇప్పటికీ వంకరే. గ్లాసుల్లో మా కుసుమనూనె తనే పోసింది. బాయి ఒక దీపం ముట్టించి, దానితో ఇంకోటి ముట్టించింది.

"ఒక్కటే అంటిరి, రెండెందుకే?"

"ఇది ముట్టించే దీపం ఆయీ. లెక్కల రాదు."

"అంటె నీ తీరన్నట్టు. ఊరి పోరగాండ్లందరిని భూమ్మీదికి తెస్తవు, నిన్ను ఎవ్వలు లెక్కవెట్టరు."

బాయి నవ్వింది, వానాకాలం తర్వాత మొదటిసారి. నవ్వు మధ్యలోనే ఏడుపైంది. నానమ్మ చూడనట్టు నూనెకుండకు మూత పెట్టి, "ఎనిమిదోనాటికి ఒక్కటే మిగులుతదా?" అంది.

"లేదు ఆయీ, ఎనిమిదీ వెలుగుతయి."

"గట్లనే ఉండాలె. తగ్గుకుంట పోతె గదేం పండుగ!"

ఆ ఎనిమిది సాయంత్రాలూ బాయి మా గడప లోపలే దీపాలు పెట్టింది. దరఖాస్తు సంచీలో దవాఖానాకు వెళ్ళేది, సంచీలోనే తిరిగొచ్చేది. మూడోరోజు దాన్ని నా చేతిలో పెట్టి, "ఎనక తెల్లగుంది బేటీ, రాసుకోనీకి పనికొస్తది" అంది. తర్వాత నాలుగేళ్ళకు బదిలీ అయ్యేదాకా ఇక్కడే కాన్పులు చేసింది. ఏటా ఆ పండుగకు పలక మా మేకులకే ఎక్కేది.

ఆ కాగితం నా డైరీలో ఉంది. ఒకవైపు నేను మెల్లగా రాసిన రాజీనామా, వెనకవైపు అదే చేతిరాతలో నానమ్మ మాట: "తగ్గుకుంట పోతె గదేం పండుగ!" అందరూ రోజులు తరిగిపోతున్నాయంటారు. నేను మాత్రం గడిచిన సాయంత్రాలను ఆ దీపాల్లాగే, ఒక్కొక్కటీ పెంచుకుంటూ లెక్కపెడుతుంటాను.