నూకరత్నం చదివేదాకా ఆగిన తరగతి

1896లో రాజమండ్రిలో ట్రైనింగ్ ముగించుకుని, నరసాపురంలోని ఒక ఆడపిల్లల మిషన్ స్కూల్లో పంతులమ్మగా చేరాను. గోదావరి రేవుకు దగ్గరలో పెంకుటింట్లో ఉండేది మా బడి. పొద్దున చదువు, మధ్యాహ్నం లేసు అల్లిక. నాకు అప్పగించింది మిడిల్ తరగతి. పన్నెండు, పదమూడేళ్ల పిల్లలు.

వాళ్ల చదువు చూసి మొదట మురిసిపోయాను. రీడర్, అంటే తరగతికి పెట్టిన వాచకం, తెరిస్తే చాలు, పాఠం గడగడా అప్పజెప్పేవారు. నాలుగు రోజులయ్యాక ఒక పిల్లని మధ్యలో ఆపి, "ఇప్పుడు చదివిన మాట ఎక్కడుందో వేలు పెట్టి చూపించమ్మా" అన్నాను. చూపించలేకపోయింది. పక్క పిల్లదీ అదే సంగతి. పాఠమంతా నోటికి వచ్చు, చదవడం మాత్రం రాదు.

అందుకని కాంపోజిషన్ మొదలుపెట్టాను. సొంతంగా ఆలోచించి రాయడమన్న మాట. "మీ ఇంట్లో నిన్న ఏం జరిగిందో పలక మీద రాయండి" అంటే అందరూ ఆవు గురించి రాశారు, వాచకంలో ఉన్నట్టే. ఒక్క నూకరత్నం తప్ప.

నూకరత్నం చేపలు పట్టేవాళ్ల పిల్ల. తల్లీ తండ్రీ లేరు, నాయనమ్మ పోలమ్మ పెంచుతోంది. ఆవిడ రేవులో చేపలమ్ముతుంది. లేసు పని నేర్పుతారని పిల్లని బళ్లో వేసింది. ఆ పిల్లకి నత్తి. చదవడానికి లేస్తే మొదటి అక్షరం దగ్గరే నోరు ఆగిపోయేది. తరగతంతా నవ్వేది. అందరికన్నా ముందు నవ్వేది గుమాస్తాగారమ్మాయి మార్తమ్మ.

ఆరోజు నూకరత్నం పలక మీద ఉన్నదిది: "మా నాయనమ్మ పులస చేపను అమ్మేటప్పుడు మహారాణిని చేసి మాట్లాడుతుంది. కొనేటప్పుడు పిల్లి కూడా ముట్టదంటుంది. నిన్న ఒకే చేపకి ఆ రెండు మాటలూ విన్నాను."

నాకు నవ్వాగలేదు. పలకని మార్తమ్మ చేతికిచ్చి గట్టిగా చదవమన్నాను. ఎప్పుడూ గడగడా వల్లించే పిల్ల, ఒక్కొక్క మాటనీ చూసుకుంటూ చదివింది. నోటికొచ్చిన పాఠం కాదు కదా! చివరికొచ్చేసరికి తరగతంతా విరగబడి నవ్వింది. ఆ నవ్వు తన మీద కాదని తెలిసి నూకరత్నం కూడా నవ్వింది.

ఆ తరవాత అది రోజూ జరిగే పనైపోయింది. లెక్కల గంట కొడితే పలక తుడిచేయాలి. అంతలోపల చదవాలని పిల్లలు తోసుకునేవారు. అది చూసి మిగతావాళ్లూ ఆవుని వదిలేసి తమ ఇళ్ల సంగతులు రాయసాగారు. నూకరత్నం తెలివైన పిల్ల, కథని సగంలో ఆపేసేది. ఓసారి వేటకెళ్లిన పడవ గాలివానలో చిక్కుకున్న చోట ఆపింది.

"ఆ పడవ తిరిగొచ్చిందా లేదా? చెప్పవే!" అని మార్తమ్మ పట్టుబట్టింది.

"వ... వ... వ..." అని నూకరత్నం అక్కడే ఆగిపోయింది. ఎవరూ నవ్వలేదు. పడవ ఏమైందో అందరికీ కావాలి. ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. "వచ్చింది. కా... కానీ తెరచాప లేదు" అంది చివరికి. ఆ తరగతి ఎదుట ఆ పిల్ల ఒక వాక్యాన్ని పూర్తి చేయడం అదే మొదటిసారి.

ఇంతలో ఒకరోజు పోలమ్మ బడికి వచ్చింది. బుట్ట అరుగు మీద దింపి, "పిల్లని తీసుకెళ్లిపోతానండి, పంతులమ్మగారూ" అంది. "కిందటేడు పరీక్ష పోయింది. నోరు తిరగని పిల్లకి చదువేంటండీ? రోజంతా లేసు అల్లుకుంటే దాని బతుకు అది బతుకుతాది."

"ఇన్‌స్పెక్ట్రెస్‌గారు వచ్చేదాకా ఆగండమ్మా" అని బతిమాలాను. ఇన్‌స్పెక్ట్రెస్ అంటే ఆడపిల్లల బళ్లను తనిఖీ చేసే దొరసాని. పిల్లలు పై తరగతికి వెళ్లాలంటే ఆవిడ ఎదుట గట్టిగా చదవాల్సిందే.

"ఈసారీ పోతే?"

"మీ ఇష్టమండి. అడ్డురాను."

తనిఖీ రోజున పోలమ్మ కిటికీ బయట నిలబడి ఉంది. దొరసానిగారు రీడర్‌లో ఎవరూ ఊహించని పేజీ తీసి నూకరత్నానికిచ్చారు. పిల్ల లేచింది. పెదవులు బిగుసుకున్నాయి, మెడ నరాలు ఉబ్బాయి, మాట రాలేదు. దొరసానిగారు కాసేపు చూసి, వచ్చీరాని తెలుగులో "చాలు, కూర్చో" అన్నారు.

నేను నోరు తెరిచేలోపే మార్తమ్మ లేచి నిలబడింది.

"అమ్మగారూ, కాస్త ఆగండి. తను చదువుద్దండి. మేం రోజూ ఆగుతామండి."

దొరల ఎదుట పెద్దవాళ్లే నోరెత్తని రోజులవి. ఆవిడ మార్తమ్మని ఎగాదిగా చూశారు. తరవాత చేతిలో పెన్సిలు బల్ల మీద పెట్టి, కుర్చీలో వెనక్కి వాలారు.

నూకరత్నం చదివింది. ఎన్నిచోట్ల ఆగిందో చెప్పలేను. ఆగిన ప్రతిచోటా తరగతంతా ఆగింది. ఒక్క మాట కూడా తప్పు పోలేదు. అర్థం అడిగితే, పలక మీద రాసి చూపించింది. దొరసానిగారు అది చదువుకుని, ఇంకోసారి చదువుకుని, పేరు పక్కన పాస్ అని రాసుకున్నారు.

బయటికొచ్చేసరికి పోలమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటోంది. "అంత గొప్పింటి దొరసాని మా పిల్ల మాట కోసం ఆగిందాండీ?" అంది. బుట్ట అందుకుంటూ, "ఇంట్లో మేమే ఎప్పుడూ ఆగలేదండి" అంది. ఖాళీ బుట్ట నెత్తిన పెట్టుకుని, "దాన్ని బళ్లోనే ఉంచండి. లేసు మజ్జాన్నం అల్లుకుంటాదిలెండి" అని వెళ్లిపోయింది.

నత్తి నూకరత్నాన్ని వదల్లేదు. అయినా ట్రైనింగ్‌కు వెళ్లింది, పంతులమ్మ అయ్యింది. ఆ పిల్ల ధైర్యానికీ, ఆరోజు లేచి నిలబడ్డ మార్తమ్మ మనసుకీ ఇప్పటికీ చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

చదవడమంటే నోటి పని అనుకుని నేను ఉద్యోగంలో చేరాను. అవతలివాళ్లు ఏం చెబుతారో తెలుసుకోవాలన్న ఆశ పుడితే పిల్లలు వాళ్లంతట వాళ్లే చదువుతారని, తన మాట వినేవాళ్లున్నారని తెలిస్తే రాస్తారని ఆ తరగతే నాకు నేర్పింది. ట్రైనింగ్‌లో ఆ పాఠం లేదు.